పడక ఎత్తు కిటికీ

లివాదె ఊళ్ళో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఆర్కిటెక్టు దగ్గరికి ఇంటికోసం వెళ్ళరు, ముద్ర కోసం వెళ్తారు. ఇల్లు ఎలా కట్టాలో మేస్త్రికి తెలుసు, ఇంటాయనకి తెలుసు. తాతలు తాడుతో కొలిచి కట్టిన ఇళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. మున్సిపాలిటీవాళ్ళు ప్లాను అడుగుతారు గనక పట్టణానికి పోయి, ఎవరో ఒకరిచేత కాగితం మీద ముద్ర కొట్టించుకుని వస్తారు. ఆ కాగితం సొరుగులో పడి ఉంటుంది. ఇల్లు దాని దారిన అది లేస్తుంది.

దోంకా కూడా ముద్ర కోసమే బస్సెక్కింది. ఆ ఏడు మంచు కరిగిన నీళ్ళకి ఆమె ఇంటి వెనకగోడ చూడి మేక పొట్టలా ఉబ్బింది. ఇక దాన్ని పడగొట్టి కట్టుకోవడం తప్ప దారి లేదు. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది దోంకా, మంచాన పడ్డ అత్త గానా, కొన్ని మేకలు.

పట్టణంలో ఆమెకు దొరికిన ఆర్కిటెక్టు రైనా ఇల్చేవా. నలభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, గట్టి బూట్లు.

"ముద్ర వేస్తాను. ముందు ఇల్లు చూడాలి," అంది రైనా.

"పడిపోయే ఇల్లు మేడమ్. చూడ్డానికేముంది?"

"పడిపోకముందే వస్తాను."

అన్నట్టే వచ్చింది. గోడలు చూసి పోతుందనుకుంటే వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, దోంకా పాలు కాచడం, పొయ్యి దగ్గర్నుంచి మంచం దగ్గరికి, మంచం దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి తిరగడం చూస్తూ మధ్యాహ్నం దాకా కదల్లేదు. గానాని ఏ పక్కకి తిరిగి పడుకుంటావని అడిగింది. పొద్దున్నే ముందుగా ఏ చప్పుడు వినబడుతుందని అడిగింది. ఆఖరికి, "అవ్వా, నీ మంచం మీద కాసేపు పడుకోనా?" అని అడిగి, బూట్లు విప్పి, ముసలావిడ పక్కన నడుం వాల్చింది. ఇద్దరూ కప్పుకేసి చూస్తూ ఏదో మాట్లాడుకున్నారు. గరిటె పట్టుకుని నిలబడ్డ దోంకాకి నవ్వాలో కసరాలో తెలియలేదు.

సాయంత్రం వీధి కుళాయి దగ్గర తోడికోడలు స్తాంకా అడిగింది. "ఏమిటక్కా, పట్టణంనుంచి ఎవరో దిగారట?"

"ముద్ర వెయ్యడానికొచ్చింది. బస్సులో అలిసిపోయినట్టుంది. అత్త మంచమెక్కి ఓ కునుకు తీసి పోయింది."

కుళాయి దగ్గర అందరూ నవ్వారు. ఆ మాట ఊరంతా తిరిగింది. ఆర్కిటెక్టుని పెట్టుకున్నావా అని ఎవరూ ఎత్తిపొడవకుండా ఆ నవ్వు దోంకాకి బాగా అక్కరకొచ్చింది.

ప్లాను వచ్చింది. వంటిల్లు ఇంటి నడుమకి జరిగింది. గానా మంచం పక్కన రోడ్డు వైపు గోడకి ఒక కిటికీ ఉంది. దాని అడుగు అంచు మంచం పట్టె ఎత్తులోనే ఉంది, అంతకంటే పైకి లేదు.

"ఇది కిటికీయా, కోళ్ళగూటి తలుపా?" అన్నాడు కొల్యో మేస్త్రి.

అయినా రైనా వదల్లేదు. వారం వారం బస్సులో వచ్చేది. గోడలో ఎక్కడ ఖాళీ వదలాలన్నా, "దీని మీద ఏముంది?" అని మేస్త్రిని అడిగేది. ఆయన చెప్పేదాకా పక్కకి జరిగేది కాదు. ఒకసారి రెండు వరుసల రాయి విప్పించింది. కొల్యో తిట్టుకుంటూనే మళ్ళీ పేర్చాడు.

ఆగస్టులో ఇంటికప్పుకి వెన్నుదూలం ఎక్కించారు. ఆ రోజు చుట్టాలూ పక్కాలూ మేస్త్రులకి చొక్కాలు, తువ్వాళ్ళు తెస్తారు. ఒక్కొక్కటి దూలానికి కట్టిన తాడు మీద వేలాడదీస్తూ, ఎవరు తెచ్చారో మేస్త్రి పైనుంచి ఊరందరికీ వినబడేలా అరిచి, తెచ్చినవాళ్ళ ఇంటికి దీవెన చెప్తాడు. రైనా కూడా వచ్చింది. కాగితంలో చుట్టిన తెల్ల చొక్కా ఒకటి తెచ్చింది.

కొల్యో చొక్కా అందుకుని కిందికి వంగాడు. "దోంకా, ఇదెవరి పేరున అరవను?"

చుట్టూ ఊరంతా ఉంది. స్తాంకా ఉంది. "పట్టణంనుంచి వచ్చిన చుట్టం," అంది దోంకా.

"పట్టణంనుంచి వచ్చిన చుట్టం తెల్ల చొక్కా తెచ్చింది. ఆవిడ గడప చల్లగా ఉండాలి, ఆవిడ పొయ్యి వెచ్చగా ఉండాలి," అని అరిచాడు కొల్యో. రైనా తలెత్తి చొక్కా గాలికి ఊగడం చూసింది.

భోజనాలకి ముందు మరిది మారిన్, పక్కింటి పెత్కో కలిసి, కట్టడం అయ్యేదాకా మరిది ఇంట్లో ఉంచిన గానాని కుర్చీలో మోసుకొచ్చి, కొత్త గదిలో పలకలు పరిచి, దుప్పటి వేసి పడుకోబెట్టారు. ఆవిడ పక్కకి తిరిగింది. కళ్ళ ముందే రోడ్డు, కుళాయి, వంపు దాటి వచ్చే బస్సు. మంచాన పడ్డాక కప్పు తప్ప ఇంకేమీ చూడని మనిషి ఒక్కొక్కటీ తేరిపార చూసింది. తర్వాత గొంతెత్తింది.

"ఒరేయ్ ఇలియా, ఆ పంట్లాం మీ నాన్నది కాదూ. ఇంకా అదే వేసుకు తిరుగుతున్నావా?"

కుళాయి దగ్గర ఇలియా ఉలిక్కిపడి నాలుగువైపులా చూశాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక్కొక్కరే వంగి, గానా తల పక్కన తల పెట్టి, ఆ కిటికీలోంచి చూసి వచ్చారు.

"ఇంత బుర్ర ఎవరిదే?" అంది ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంకెవరిది? అత్తకి రాత్రీ పగలూ చేసేదాన్ని నేను. నాకు తెలీదా ఏం కావాలో," అంది దోంకా.

మాట నోరు దాటాక గుమ్మం వైపు చూసింది. రైనా అక్కడే ఉంది. చేతిలో జున్ను పెట్టి కాల్చిన బానిత్సా ముక్క ఉన్న పళ్ళెం. దోంకా కళ్ళలోకి ఒక్కసారి చూసి, పళ్ళెంలోకి తల దించుకుంది. ఆ ముక్క తినడం పూర్తిచేసి, పళ్ళెం కడిగే చోట పెట్టి, గానాకి చెప్పి, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయింది.

దోంకా చెవులు ఆ సాయంత్రమంతా కాలుతూనే ఉన్నాయి. సారాయి అనుకుంది. మర్నాడు తాగకపోయినా కాలాయి.

కానీ ఊరు ఊరుకోలేదు. పై ఊళ్ళనుంచి కూడా కిటికీ చూడ్డానికి వచ్చారు. "దోంకాది మేస్త్రులకి లేని బుర్ర," అన్నారు. ఒకరు పొయ్యి ఎక్కడ పెట్టాలని అడిగారు, ఇంకొకరు మెట్లు ఎటు తిప్పాలని అడిగారు. మొదట నసిగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. చెప్తుంటే బాగానే ఉండేది. వాళ్ళు వెళ్ళాకే బాగుండేది కాదు.

అక్టోబరు చివర దిమిత్రి పండగ వచ్చింది. ఆ పండగనుంచి వసంతంలో గెయోర్గి పండగదాకా గానా చిన్నకొడుకు ఇంట్లో ఉండాలి. మిగతా సగం పెద్దకోడలి దగ్గర. అది అన్నదమ్ములు ఎప్పుడో అనుకున్న ఏర్పాటు. మారిన్ బండి తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. గానా మంచం పట్టె పట్టుకుంది.

"రాను. నీ ఇంట్లో కప్పు చూస్తూ పడుకోవాలి. ఇక్కడ ఊరు చూస్తున్నాను."

మారిన్ ఖాళీ బండితో వెనక్కి పోయాడు. ఆ ఖాళీ బండిని ఊరంతా చూసింది. అత్త తన ఇంటికి రానంటోందన్న మాట స్తాంకా చెవిన పడకుండా ఒక్క రోజు గడవలేదు. పదిరోజులు ఓర్చుకుని మొగుణ్ణి పంపింది.

"వదినా, మాకూ అలాంటి కిటికీ ఒకటి కావాలి. కొల్యో గ్రీసు దేశానికి పనికిపోయాడు. నేనూ పెత్కో కొట్టేస్తాం. ఎక్కడ కొట్టాలో నీ చేత్తో గీసిపెట్టు చాలు," అన్నాడు మారిన్.

తనకి రాదని చెప్పేద్దామనుకుంది దోంకా. కానీ అప్పటికే పై ఊరివాళ్ళకి మెట్లు తిప్పి ఇచ్చిన మనిషి. సొంత మరిదికి రానని ఎలా అంటుంది? వెళ్ళింది. మారిన్ ఇల్లు రెండంతస్తులది, పాత రాతిగోడలు. పైన అతని కూతురు పసిబిడ్డతో ఉంటోంది. దోంకా రోడ్డు వైపు గోడ ముందు నిలబడి, రైనా నిలబడినట్టే తల ఓ పక్కకి వాల్చి చూసింది. సుద్దముక్క తీసుకుని నాలుగు గీతలు గీసింది.

"అంతేనా?" అంది స్తాంకా.

"అంతే."

ఇంటికొచ్చేసరికి గానా కిటికీ పక్కన మెలకువగానే ఉంది. "చేతికి సుద్దేమిటే?"

"మారిన్‌వాళ్ళకి కిటికీ గీసొచ్చాను అత్తా."

"నువ్వా," అంది గానా. కాసేపు రోడ్డు చూసింది. "ఆ పిల్ల నా పక్కలో పడుకుని అడిగింది, అవ్వా, నీకు ఏం చూడాలనుందని. ఇన్నేళ్ళలో నువ్వెప్పుడైనా అడిగావా?"

"మరి మూడు నెలలుగా ఎందుకూరుకున్నావు?"

"చెప్పడానికి నీకే సిగ్గుగా ఉంటుందనుకున్నాను. నీకు సిగ్గు లేనట్టుంది, సుద్ద ఉంది."

దోంకాకి తల తీసేసినట్టయింది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. నీళ్ళు పోసుకుంటుండగా రైనా మాట గుర్తొచ్చింది, దీని మీద ఏముంది అన్న మాట. ప్రతి ఖాళీ ముందూ అడిగేది. తను అడగలేదు. ఆ గోడ మీద ఏముందో తనకి తెలియదు. అడగాలన్న సంగతే తోచలేదు. తల ఎటు వాల్చాలో మాత్రం తోచింది.

మేకల కొట్టంలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుని ఫోను చేసింది. నంబరు నొక్కడం, చెరిపెయ్యడం, మళ్ళీ నొక్కడం.

"మేడమ్, దోంకాని. లివాదె నుంచి."

"తెలుసు. ఇల్లు కారుతోందా?"

"లేదు మేడమ్. ఇల్లు బంగారంలా ఉంది." ఆ మాట ఆవిడకి చెప్పడం అదే మొదటిసారని అప్పుడు గ్రహించింది. "మా మరిది కిటికీ తీస్తున్నాడు. రేపు పొద్దున."

"ప్లాను ఎవరు గీశారు?"

"ప్లాను లేదు. గోడ మీద సుద్దగీత ఉంది."

"ఎవరి గీత?"

"నాది."

 మేక ఒకటి దోంకా గౌను అంచు నములుతోంటే విదిలించుకుంది.

"ఆ గోడ మీద ఏముంది?" అంది రైనా.

"పై గది. మరిది కూతురు, పసిబిడ్డ పడుకుంటారు."

"దూలాలు ఎటునుంచి ఎటు వేశారు?"

"తెలీదు."

"పై గదిలో పొయ్యి ఎక్కడుంది? పొగగొట్టం దేని మీద నిలబడింది?"

"తెలీదు మేడమ్."

"అయితే ఆపండి. పన్నెండింటి బస్సుకి వస్తాను. నేను చూసేదాకా ఒక్క రాయి కదపకూడదు."

"ఏమని చెప్పి ఆపను?"

"తెలీదని నాకు చెప్పారుగా. వాళ్ళకీ అదే చెప్పండి."

పొద్దున్నే దోంకా వెళ్ళేసరికి గది ఖాళీ చేసి ఉంది. మారిన్ సమ్మెట పట్టుకున్నాడు, పెత్కో గునపం. చూడ్డానికి ఇరుగుపొరుగు ఐదారుగురు చేరారు. స్తాంకా కాఫీ పోస్తోంది.

"మారిన్, ఇవాళ మంగళవారం. మంగళవారం పని మొదలెడతారా ఎవరైనా?" అంది దోంకా.

"నిన్న సోమవారమే, నువ్వు గీయకముందే, పూత గీకి మొదలెట్టాడు. మాకూ తెలుసులే అక్కా వారాలు," అంది స్తాంకా.

"పసిబిడ్డకి దుమ్ము పడదేమో."

"పైనే ఉందిగా. తలుపేశాం."

"ఇంకో నాలుగు రోజులాగితే ఏం పోయింది? వాన పట్టేలా ఉంది."

స్తాంకా కాఫీ గిన్నె కింద పెట్టింది. "ఏమిటక్కా నీ బాధ? అత్తని నీ దగ్గరే ఉంచుకుని ఊరిచేత ఎంత మంచి కోడలో అనిపించుకుంటున్నావు. మాకూ కిటికీ వస్తే ఆ పేరు పోతుందని కడుపుమంట. నీకు కిటికీ ఉండాలి, మాకు ఖాళీ బండి ఉండాలి, అంతేనా?"

ఎవరో నవ్వారు. మారిన్ ఇబ్బందిగా, "జరుగు వదినా," అని సమ్మెట ఎత్తి ఒక దెబ్బ వేశాడు. గీత అంచున రాయి పగిలి పెచ్చు రాలింది. పైన బిడ్డ లేచి ఏడ్చింది.

ఆ ఏడుపు విని దోంకా వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడింది. సుద్దంతా, మొగుడు పోయినప్పట్నుంచీ వేసుకునే నల్ల బట్టలకి అంటుకుంది.

"కొట్టకు. ఈ గీత నాకు తెలిసి గీసింది కాదు. ఈ గోడ మీద ఏముందో నాకు తెలీదు."

"అదేమిటి? మీ ఇంట్లో..." అన్నాడు మారిన్.

"మా ఇంట్లో కిటికీ నాది కాదు. ఆ పట్టణపావిడది. ఇల్లంతా ఆవిడదే. నేను ముద్ర అడిగాను, ఆవిడ ఇల్లు ఇచ్చింది."

 పెత్కో గునపం మీద గెడ్డం ఆనించాడు. "ఎవరూ, ఆ కునుకు తీసి పోయిందన్నావే, ఆవిడా?"

"ఆవిడే. కునుకు తియ్యలేదు. అత్తకి ఏం కనబడుతుందో చూడ్డానికి పడుకుంది. కునుకన్నది నేను."

"మరి నీదని ఎందుకు చెప్పుకున్నావు?" అంది స్తాంకా. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే దోంకాకి ఎక్కువ కష్టమైంది.

"అందరూ బాగుందన్నారు," అంది దోంకా. 

వెనకనుంచి నవ్వులు మొదలయ్యాయి. పై ఊరివాడికి తిప్పి ఇచ్చిన మెట్ల సంగతి ఎవరో ఎత్తారు. పెత్కో, "మా కోళ్ళగూడు కూడా గీసిపెట్టు, దాని మీద ఎవరూ పడుకోరులే," అన్నాడు. దోంకా అవన్నీ నిలబడే విన్నది. మారిన్ ఒక్కడే నవ్వలేదు. సమ్మెట గోడవార పెట్టి, చేతులు పంట్లాంకి తుడుచుకున్నాడు.

"నా మనవరాలు పైన పడుకుంటోంది వదినా," అన్నాడు నెమ్మదిగా. మెట్లెక్కి పైకి పోయాడు. ఊరు నవ్విన నవ్వు పడగలిగింది గాని, ఆ ఒక్క మాటని దోంకా పడలేకపోయింది.

పన్నెండింటి బస్సుకి ఆవిడే వస్తోందని దోంకా చెప్పింది. మధ్యాహ్నం రైనా వచ్చేదాకా ఎవరూ ఇళ్ళకి పోలేదు. ఆవిడ అందరికీ నమస్కారం చెప్పి, గోడ వైపు చూడకుండానే పైకి వెళ్ళింది. మారిన్‌చేత పొయ్యి దగ్గర రెండు పలకలు పీకించింది. లైటు వేసి చాలాసేపు చూసింది. కిందికొచ్చి సుద్దగీత నడుమ అరచెయ్యి ఆనించింది.

"పైన పొయ్యినీ పొగగొట్టాన్నీ మోసే దూలం కొస సరిగ్గా ఇక్కడ కూర్చుంది. కింద రాళ్ళు తీసేస్తే దాన్ని పట్టుకునేది లేదు. ఇవాళే పడకపోవచ్చు. మంచు బరువు పడ్డ రాత్రి పడేది."

స్తాంకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే మాకు కిటికీ లేనట్టేనా మేడమ్?" అంది.

"ఎందుకు లేదు? ఈ పక్కగోడ ఏమీ మొయ్యడం లేదు. అటు ఏముంది?"

"గొర్రెలదొడ్డి. దాని వెనక కొండ. అటేం చూస్తుంది పాపం?"

"ఆవిడ్ని అడిగారా?"

స్తాంకా దోంకా వైపు చూసింది. అడగని వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రోడ్డు అక్కడ ఆరునెలలు చూస్తుంది. ఇక్కడ గొర్రెలు చూస్తుందేమో. కోరుకోవాల్సింది ఆవిడే. వెళ్ళేముందు నేనడిగి పోతాను. ఇప్పుడు కొలతలు తీసుకుందాం," అని రైనా సంచీలోంచి టేపు తీసింది. పెత్కో ముందుకొచ్చి చెయ్యి చాపాడు. ఆవిడ అతణ్ణి దాటి చూసింది.

"దోంకా గారూ, ఈ కొస పట్టుకోండి."

దోంకా సుద్ద అంటిన బట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చుని, టేపు కొస గోడ మూలకి ఆనించింది. గదిలో అందరి కళ్ళూ తన వీపు మీదే ఉన్నాయని తెలుస్తూనే ఉంది. స్తాంకా కాఫీ తెచ్చి అందరికీ ఇచ్చింది. దోంకా దగ్గరికి వచ్చి ఆగి, పళ్ళెం వెనక్కి తీసుకుపోయింది.

రైనా రెండో కొస పట్టుకుని దగ్గరికొచ్చినప్పుడు దోంకా గొంతు తగ్గించి, "మేడమ్, వెన్నుదూలం ఎక్కించిన రోజు..." అంది.

"కొస కదులుతోంది. గట్టిగా పట్టుకోండి."

గట్టిగా పట్టుకుంది. రైనా అంకె రాసుకుని, తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ రోజు బస్సులో ఇంటికి చేరేదాకా అనుకున్నాను. నేనూ మిగతావాళ్ళలా ముద్ర వేసి ఊరుకుంటే హాయి కదా అని. ఇంకా కోపంగానే ఉంది. లేదని చెప్పను."

"సరే మేడమ్," అంది దోంకా.

"ఇప్పుడు కిందికి. మంచం పట్టె ఎక్కడికొస్తుంది?"

నాకు తెలుసు అన్న మాట దోంకా నోటిదాకా వచ్చింది. ఆగింది. "స్తాంకా, అత్త మంచం ఇక్కడ ఎంత ఎత్తు?" అని అడిగింది. స్తాంకా వచ్చి చేత్తో చూపించింది. దోంకా టేపు అక్కడికి దించి, వేలితో నొక్కిపట్టి, రైనా చూసి రాసుకునేదాకా అలాగే ఉండిపోయింది.